3 రోజుల్లో పేపర్ పబ్లిష్, సర్టిఫికెట్ ఫ్రీ! నా పేపర్‌లో తప్పు పట్టుకున్నది ఎవరో తెలుసా?

సూళ్లూరుపేట నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల హారన్లు వినపడితే ఏమీ అనుకోవద్దు, మా ఇల్లు బజారుకి దగ్గర. మామూలుగా ఈ ఛానల్లో రాకెట్ల గురించి, పులికాట్ పక్షుల గురించి మాట్లాడుకుంటాం కదా. ఈరోజు టాపిక్ వేరే. కొంచెం నా పరువు పోయే టాపిక్ కూడా. అయినా చెప్పాలనిపించింది, చెప్తున్నాను.

మొన్న జిరాక్స్ షాపులో నిలబడి ఉంటే ఒక అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ ఫైనలియర్. మన వీడియోలు చూస్తుందంట. "సార్, ఒక్క నిమిషం" అని ఫోన్ నా చేతికిచ్చింది. వాట్సాప్‌లో ఒక మెసేజ్. ఇంటర్నేషనల్ జర్నల్ అంట. 3 రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ. ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉంది. సర్టిఫికెట్ ఫ్రీ. ముగ్గురు రచయితల వరకు 1,800 రూపాయలు, నాలుగో పేరు కావాలంటే ఇంకో 200. కింద యూపీఐ నంబర్.

"మా క్లాసులో అందరూ వేయించుకుంటున్నారు సార్. ఇది తప్పా?" అని అడిగింది.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఎందుకంటే 2013లో నేనూ ఇదే పని చేశాను.

అప్పుడు నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పులికాట్ నీళ్ల మీద. శ్రీహరికోట రోడ్డు మీద ఎప్పుడైనా వెళ్లుంటే మీకు తెలుసు, రెండు పక్కలా సరస్సే. ఒక పెద్దాయన పడవలో నన్ను తిప్పేవాడు. నేను సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి ఉప్పు శాతం కొలిచేవాణ్ని. నవంబర్లో కొలిచాను, మళ్లీ మేలో కొలిచాను. ఎండలో మాడి, బురదలో కూరుకుపోయి, నిజంగా కష్టపడి చేసిన పని అది. అందులో మోసం ఏమీ లేదు.

మోసం తర్వాత మొదలైంది. లెక్చరర్ పోస్టుకి అప్లై చేద్దామంటే అందరూ ఒకే మాట: "పబ్లికేషన్ ఉందా?" సీనియర్ ఒకాయన ఒక వెబ్‌సైట్ పేరు చెప్పాడు. ఫీజు 2,500. మా నాన్న సైకిల్ షాపులో ఆ డబ్బు రావాలంటే ఎన్ని పంక్చర్లు వేయాలో నేను లెక్క వేసుకోలేదు. అడిగాను, ఇచ్చాడు. శుక్రవారం పంపాను. ఆదివారం పొద్దున మెయిల్ వచ్చింది, "యాక్సెప్టెడ్" అని. రివ్యూయర్ కామెంట్ ఒకటే లైను: చాలా మంచి పేపర్, ప్రచురించవచ్చు. నేను ఎగిరి గంతేశాను. ఆదివారం పూట కూడా పని చేస్తున్నారే, ఎంత శ్రద్ధ అనుకున్నాను. చూడండి నా అమాయకత్వం.

ప్రింటవుట్ తీసుకుని నేరుగా పడవ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. "మా నీళ్ల గురించి ఏం రాశావో చదువు అబ్బయ్యా" అన్నాడు. టేబుల్ చూసి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నవంబర్లో ఉప్పు ఇంత, మేలో ఇంత. ఆయన బీడీ పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఏంది? ఎండాకాలం నీళ్లు చప్పగా ఉంటాయా? వానాకాలం ఉప్పగా ఉంటాయా? యాడ చూశావు నువ్వు?"

అప్పుడు చూసుకున్నాను. టైప్ చేసేటప్పుడు రెండు కాలమ్‌లు తారుమారు అయ్యాయి. నవంబర్ లెక్కలు మే కింద, మే లెక్కలు నవంబర్ కింద. మా వైపు వానలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనం. అప్పుడు కాళంగి నది మంచినీళ్లు తెచ్చి సరస్సులో కలుపుతుంది, ఉప్పు తగ్గుతుంది. ఎండాకాలంలో నీళ్లు ఆవిరై, సరస్సు కుంచించుకుపోయి, సముద్రం కంటే ఉప్పగా కూడా అవుతుంది. రొయ్య ఎప్పుడు వస్తుంది, చేప ఎప్పుడు పోతుంది, వలస పక్షులు ఎప్పుడు దిగుతాయి, అన్నీ దీన్ని బట్టే. ఒడ్డున పుట్టిన ఏ పిల్లాడికైనా తెలిసిన సంగతి. నా పేపర్ దాన్ని తలకిందులుగా చెప్తోంది. అది "ఇంటర్నేషనల్" జర్నల్‌లో, "పీర్ రివ్యూ" అయిపోయి, అచ్చైపోయింది.

నా పేపర్‌ని నిజంగా రివ్యూ చేసింది ఆ పెద్దాయన ఒక్కడే. ఫీజు కూడా తీసుకోలేదు.

పీర్ రివ్యూ అంటే ఏంటో తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. మీరు ఒక పరిశోధన చేసి జర్నల్‌కి పంపుతారు. ఎడిటర్ దాన్ని అదే సబ్జెక్టులో పని చేసే ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వాళ్లకి జీతం ఉండదు. తప్పులు వెతుకుతారు, ప్రశ్నలు అడుగుతారు, వద్దంటే వద్దంటారు. నెలలు పడుతుంది. చదివేవాళ్లు ఆ పేపర్‌ని నమ్మేది దీని మీద నమ్మకంతోనే. డాక్టర్ మందు రాసినా, ప్రభుత్వం పాలసీ చేసినా, వెనకాల ఎక్కడో ఈ నమ్మకం ఉంటుంది. ఐఎస్ఎస్ఎన్ అనేది మాత్రం కేవలం గుర్తింపు సంఖ్య, బండికి నంబర్ ప్లేట్ లాంటిది. నంబర్ ప్లేట్ ఉందంటే బండికి బ్రేకులు ఉన్నాయని కాదు కదా.

నేను పేపర్ వేయించుకున్న అదే 2013లో, అక్టోబర్‌లో, "సైన్స్" పత్రిక ఒక రిపోర్టు వేసింది. జాన్ బొహానన్ అనే విలేకరి ఒక దొంగ పేపర్ తయారు చేశాడు. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ నుంచి తీసిన ఒక పదార్థం క్యాన్సర్ కణాల్ని ఆపుతుంది అని. అందులో కావాలనే పెద్ద పెద్ద తప్పులు పెట్టాడు. రచయిత పేరు కల్పన, ఆయన పని చేసే సంస్థ కూడా కల్పన. అలాంటిదాన్ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకి పంపితే 157 ఒప్పుకున్నాయి, 98 మాత్రమే తిరస్కరించాయి. ఒప్పుకున్న వాటిలో పెద్ద పేరున్న ప్రచురణ సంస్థలవి కూడా ఉన్నాయి. అందరికంటే ఎక్కువ జర్నళ్లు ఎక్కడివి అంటే, మన దేశానివే. చందా కట్టి చదివే పాత పద్ధతి జర్నళ్లకి కూడా పంపి పోల్చి చూడాల్సింది కదా అని చాలామంది విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా 157 అనేది 157.

ఇక మన హైదరాబాద్ సంగతి. ఓమిక్స్ గ్రూప్ పేరు విన్నారా? శ్రీనుబాబు గేదెల స్థాపించిన సంస్థ. వందల జర్నళ్లు, ప్రపంచమంతా కాన్ఫరెన్సులు. మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడ ఉద్యోగాలు చేశారు. 2016 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నెవాడా కోర్టులో వీళ్ల మీద కేసు వేసింది. ఆరోపణలు ఏంటంటే, పీర్ రివ్యూ చేస్తామని చెప్పి సరిగ్గా చేయడం లేదు. ఎడిటోరియల్ బోర్డులో ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు కూడా పెట్టుకున్నారు. ఫీజు ఎంతో ముందు చెప్పకుండా, పేపర్ ఒప్పుకున్నాక బిల్లు పంపారు. రచయిత వెనక్కి తీసుకుంటానంటే వదల్లేదు. రాని వక్తల పేర్లతో కాన్ఫరెన్సులకి ప్రచారం చేశారు. సంస్థ ఇవన్నీ కాదంది. 2019 మార్చిలో జడ్జి గ్లోరియా నవారో 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పు ఇచ్చారు. 2020లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

దీనికి ముందే, కొలరాడోలో జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియన్ ఇలాంటి జర్నళ్లకి "ప్రిడేటరీ", అంటే వేటాడే జర్నళ్లు అని పేరు పెట్టి ఒక లిస్టు నడిపేవాడు. ఓమిక్స్ తరఫున ఆయనకి 2013లో 100 కోట్ల డాలర్లకి దావా వేస్తామని నోటీసు వెళ్లింది. ఒక లైబ్రేరియన్‌కి! 2017 జనవరిలో ఆయన లిస్టు ఇంటర్నెట్ నుంచి తీసేశాడు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. డబ్బు తీసుకోవడమే తప్పు కాదు. "నేచర్" పత్రిక ఓపెన్ యాక్సెస్ కోసం 2020లో ప్రకటించిన ఫీజు 9,500 యూరోలు. అది న్యాయమా అంటే నాకైతే అస్సలు కాదనిపిస్తుంది, మన యూనివర్సిటీల్లో ఎవరు కట్టగలరు? కానీ అక్కడ చెప్పిన పని చేస్తారు. ఎక్కువ ధర వేరు, చేయని పనికి ధర వేరు. మెకానిక్ ఎక్కువ తీసుకుంటే తిట్టుకుంటాం. బ్రేకులు చూడకుండానే "చూశాను, వెళ్లు" అంటే, అది వేరే కేసు.

మరి మనోళ్లు ఎందుకు వెళ్తారు అక్కడికి? తెలివి లేక కాదబ్బా. లెక్క అలా పెట్టారు. 2010లో యూజీసీ లెక్చరర్లకి ఏపీఐ అని పాయింట్ల పద్ధతి తెచ్చింది. పేపర్ వేస్తే పాయింట్లు, పాయింట్లు ఉంటే ప్రమోషన్. పీహెచ్‌డీ వాళ్లకి థీసిస్ ఇచ్చేలోపు పేపర్ ఉండాలన్నారు. ప్రయోగశాలలో గ్యాస్ సిలిండర్ లేని కాలేజీ లెక్చరర్‌ కూడా పేపర్ చూపించాలి. అలాంటప్పుడు పేపర్ల దుకాణం తెరుచుకోకుండా ఎలా ఉంటుంది? తర్వాత యూజీసీయే ఆమోదించిన జర్నళ్ల లిస్టు పెట్టింది. అందులోనూ ఇవే దూరాయి. 2018 మేలో ఒకేసారి 4,305 జర్నళ్లని తీసేసింది. తర్వాత కేర్ లిస్టు అన్నారు. 2022లో పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అనే రూల్ ఎత్తేశారు. 2025 ఫిబ్రవరిలో కేర్ లిస్టు కూడా ఆపేశారు. ఏ జర్నల్ మంచిదో కాలేజీలే తేల్చుకోవాలన్నారు. రూల్ పోయింది కానీ అలవాటు పోలేదు. ఆ అమ్మాయి ఫోన్లో మెసేజే సాక్ష్యం.

చిన్న జర్నళ్లలోనే మోసం, పెద్దవి దేవాలయాలు అని మాత్రం అనుకోకండి. మన పక్కనే, తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జరిగింది చూడండి. ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ 2004 నుంచి 2007 మధ్య సుమారు 70 పేపర్లు వేశాడు, అన్నీ పేరున్న విదేశీ జర్నళ్లలో. 2008లో బయటపడింది ఏంటంటే, వేరేవాళ్ల పేపర్లు కాపీ కొట్టినవి, లెక్కలు కల్పించినవి అని. అన్ని జర్నళ్ల ఎడిటర్లు, రివ్యూయర్లు ఉండి కూడా ఏళ్ల తరబడి దాటిపోయాయి. చివరికి పట్టుకున్నది కూడా రివ్యూ పద్ధతే, అది ఒప్పుకోవాలి. పేపర్‌ని శ్రద్ధగా చదివిన వాళ్లకి "ఇది ఎక్కడో చదివానే" అనిపించింది, అక్కడ దారం లాగారు. ఆయన తన తప్పు లేదనే అన్నారు. నాకు ఆ కేసులో బాధ కలిగేది ఆయన గురించి కాదు. అదే డిపార్ట్‌మెంట్‌లో నిజాయితీగా పని చేసి, ఆ తర్వాత విదేశాలకి అప్లికేషన్ పంపిన పిల్లల గురించి. కవర్ మీద ఆ యూనివర్సిటీ పేరు చూసి ఎవరు ఏమనుకుని ఉంటారు?

తప్పు జరిగాక ఏం చేశారు అనేదే నా దృష్టిలో జర్నల్‌కి అసలు పరీక్ష. రెండు ఉదాహరణలు, రెండూ "లాన్సెట్"వే. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల్ని చూపించి, ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉందేమో అనే పేపర్ వేశాడు. దాన్ని పూర్తిగా రద్దు చేసింది 2010లో. 12 ఏళ్లు! ఈలోపు ఎంతమంది తల్లిదండ్రులు భయపడి టీకాలు మానేశారో. ఇప్పటికీ మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఆ ఫార్వర్డ్ తిరుగుతూనే ఉంటుంది. రెండోది కరోనా టైములో. 2020 మే 22న హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద పేపర్ వచ్చింది, 96,000 మంది రోగుల డేటా అంటూ. దాన్ని చూసి డబ్ల్యూహెచ్‌ఓ తన ట్రయల్‌లో ఆ మందుని ఆపింది. ఆ డేటా ఒక్కసారి చూపించండి అంటే, ఇచ్చిన కంపెనీ చూపించలేదు. జూన్ 4కల్లా పేపర్ రద్దు. 13 రోజులు. అసలు వేసే ముందే అడిగి ఉండాల్సింది, అది వేరే విషయం. కానీ రద్దు చేయడంలో పరువు చూసుకోలేదు.

మరి నా పేపర్? తప్పు తెలిసిన వారమే మెయిల్ పెట్టాను, టేబుల్ మార్చండి అని. జవాబు లేదు. రెండోసారి పెట్టాను. లేదు. మూడోసారి వచ్చింది: కరెక్షన్ ఛార్జీ 1,000 రూపాయలు. నాన్నని మళ్లీ అడగలేకపోయాను. నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికే ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. "నా పేపర్ తప్పు" అని నేనే చెప్పుకుంటే ఉద్యోగం ఏమవుతుంది? నోరు మూసుకున్నాను. ఇంటర్వ్యూలో నా పక్కన కూర్చున్న అతను నాకంటే బాగా చెప్పాడు పాఠం, నేను విన్నాను. అతనికి పేపర్ లేదు. ఉద్యోగం నాకొచ్చింది.

నాలుగేళ్ల తర్వాత, 2017లో, వేరే కాలేజీ స్టూడెంట్ ఒకతను తన ప్రాజెక్ట్ రిపోర్టు చూసిపెట్టమని ఇచ్చాడు. పులికాట్ మీదే. రెండో చాప్టర్‌లో ఒక టేబుల్. నవంబర్లో ఉప్పు ఎక్కువ, మేలో తక్కువ. బ్రాకెట్లో నా పేరు, 2013. తన సొంత కొలతలు దానికి పూర్తిగా ఎదురుగా వచ్చాయి. ఆ అబ్బాయి ఏం రాశాడో తెలుసా? తన మీటర్‌లో లోపం ఉండి ఉండవచ్చు అని రాశాడు. అచ్చులో ఉన్నది నిజం, తన చేతుల్తో కొలిచింది అబద్ధం అనుకున్నాడు. ఆ రోజు రాత్రి నాకు అన్నం దిగలేదు. తెల్లారి వాడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సార్, నేను మీటర్ మార్చి మళ్లీ నెల రోజులు తిరిగాను సార్" అన్నాడు.

పేర్ల సంగతి కూడా ఒకటి ఉంది. ఆ మెసేజ్‌లో నాలుగో పేరుకి 200 అన్నాడు కదా. మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ రూల్ ప్రకారం, రచయిత అని పేరు పెట్టాలంటే ఆ పనిలో ముఖ్యమైన చేయి ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో పాలుపంచుకోవాలి, చివరి రూపాన్ని ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ కావాలి. నాలుగూ ఉండాలి. గైడ్ కదా అనో, హెచ్‌ఓడీ కదా అనో, ఫ్రెండ్‌కి పెళ్లి కానుకలాగానో పెట్టడానికి లేదు. పని చేసినవాడి పేరు తీసేయడం ఇంకా పెద్ద తప్పు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఈరోజుకీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో వినిపిస్తుందంటే, 1925లో "జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ"లో ఆ పేపర్ మీద ఫిస్కే పేరు పక్కన ఆయన పేరు ఉండబట్టి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ ఒక్క పేరు లేకపోతే?

ఇక ఏఐ. మీరు ఎలాగూ అడుగుతారు. జర్నళ్లకి నైతిక మార్గదర్శకాలు ఇచ్చే కోప్ అనే సంస్థ 2023లోనే చెప్పింది, ఏఐ టూల్ రచయిత కాలేదు అని. ఎందుకంటే అది బాధ్యత తీసుకోలేదు. వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి. భాష దిద్దుకోవడానికి వాడటం వేరు. కాపీ దొరక్కుండా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లు ఎలా దొరికారో తెలుసా? 2021లో ఫ్రాన్స్‌లో గియోమ్ కబనాక్, ఆయన తోటివాళ్లు పేపర్లలో వింత మాటలు ఏరారు. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" బదులు "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అని ఉందంట! మన భాషలో చెప్పాలంటే "కృత్రిమ మేధ" బదులు "దొంగ స్పృహ" అన్నట్టు. ఎడిటర్ ఒక్క పేజీ చదివి ఉంటే దొరికేది అది.

సరే, ఆ అమ్మాయికి నేనేం చెప్పాను? జిరాక్స్ షాపు బయట నిలబడి ఇదంతా చెప్పాను, పెద్దాయన సంగతితో సహా. ఆ నంబర్‌కి డబ్బులు పంపొద్దమ్మా అన్నాను. జర్నల్ వెబ్‌సైట్లో ఎడిటర్ల పేర్లు ఉంటే, అందులో ఒకరికి వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఉన్న మెయిల్‌కి రాసి "మీరు నిజంగా ఈ జర్నల్‌లో ఉన్నారా" అని అడగమన్నాను. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే డోజ్ అనే డైరెక్టరీలో ఉందో లేదో చూడమన్నాను. రచయితల దగ్గర ఫీజు తీసుకోని జర్నళ్లు మన దేశంలోనే ఉన్నాయి, బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వేసేవి చూడమన్నాను. టైం పడుతుంది, తిరస్కరించవచ్చు కూడా అని ముందే చెప్పాను.

"మరి మా క్లాసులో వాళ్లందరికీ ఈ నెలలోనే సర్టిఫికెట్ వస్తుంది కదా సార్. నాకు రాదు కదా" అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. అవునమ్మా, రాదు అన్నాను.

పోయిన వారం మెసేజ్ పెట్టింది. ఆ ఎడిటర్‌కి రాసిందంట. ఆయన నుంచి జవాబు వచ్చింది: నా పేరు అక్కడ ఉందని నాకే తెలియదు అని. ఆ స్క్రీన్‌షాట్ క్లాస్ గ్రూపులో పెట్టింది. ఇద్దరు డబ్బులు కట్టకుండా ఆగారు. ఒకడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

నా పేపర్ వేసిన వెబ్‌సైట్ ఇప్పుడు తెరుచుకోవడం లేదు. కానీ పీడీఎఫ్ అక్కడా ఇక్కడా తిరుగుతూనే ఉంది. అందుకే సరైన టేబుల్, తప్పు టేబుల్ రెండూ పక్కపక్కన పెట్టి ఈ వీడియో కింద లింక్ ఇచ్చాను. పులికాట్ మీద పని చేస్తున్న వాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే పంపండి. 2013 పేపర్ వాడొద్దని చెప్పండి. రచయితే చెప్తున్నాడని చెప్పండి.